అల్లరి రద్దయిన గది

మన విద్యాశాఖ మంత్రిగారు అల్లరిని రద్దు చేశారు.

టౌన్ హాల్లో జరిగిన మహాసభలో, మైకు రెండుసార్లు కూసి సర్దుకున్నాక, ఆయన ఈ చారిత్రక నిర్ణయాన్ని ప్రజలకు తెలియజేశారు. "నగరంలోని బడుల్లో పిల్లల అల్లరి అనేది మన తాతల నాటి సమస్య. తాతలు ఏమీ చేయలేదు. తండ్రులు ఏమీ చేయలేదు. గత ప్రభుత్వం అసలే చేయలేదు. నేను చేస్తున్నాను! ఈ విద్యాసంవత్సరం ఆఖరుకల్లా మనది అల్లరి రహిత నగరం!" చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, వాటిని ఆపడానికి మంత్రిగారు బల్ల గుద్దాల్సి వచ్చింది.

ఆ సభలో నేనున్నాను. వేదిక వెనకాల కట్టిన బ్యానర్ నాదే. నేను ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. మా బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే, సిలబస్ పూర్తికాని మిగతావాళ్లు అడిగి పట్టుకుపోయే పీరియడ్ అని అర్థం. అందువల్ల లోకాన్ని గమనించే తీరిక నాకు కాస్త ఎక్కువ. బ్యానర్ మీద చేతులు కట్టుకుని కూచున్న పిల్లవాడి బొమ్మ వేశాను. మంత్రిగారు వేదిక ఎక్కుతూ దాన్ని చూసి, "కళ్లు కూడా మూసేస్తే ఇంకా బాగుంటుందయ్యా" అన్నారు. అప్పటికప్పుడు నిచ్చెన ఎక్కి మూసేశాను. నిజంగానే బాగుంది. కళాదృష్టి ఉన్న మంత్రి దొరకడం మన అదృష్టం.

ఈ పనికోసం ఒక మిషన్ పెట్టారు. దానికి డైరెక్టరుగా వచ్చినాయన అంతకుముందు మత్స్యశాఖలో పనిచేశారు. తన హయాంలో ఒక్క చేప కూడా నోరెత్తలేదని ఆయనే మాకు చెప్పారు. మా బడికి వచ్చి, టీచర్లందర్నీ హాల్లో పిల్లల బెంచీల మీద కూచోబెట్టి శిక్షణ ఇచ్చారు.

"కొట్టకూడదు" అన్నారు.

"కొట్టడం ఎప్పుడో మానేశాం సార్" అన్నారు మా హెడ్మాస్టర్.

"తిట్టకూడదు. నిలబెట్టకూడదు. బయటికి పంపకూడదు. కళ్లు పెద్దవి చేసి చూడకూడదు."

"చిన్నవి చేసి చూడొచ్చా సార్?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"అది వెటకారం కిందికి వస్తుంది."

"పోనీ, ఏమీ అనకుండా ఊరుకుంటే?"

"మౌనం మానసిక ఒత్తిడి."

"మరి ఏం చేయాలి సార్?"

"మేనేజ్ చేయాలి."

అందరం రాసుకున్నాం. డ్రిల్లు మాస్టారు కింద గీత కూడా గీశారు.

తర్వాత డైరెక్టరుగారు ఒక పెట్టె తెరిచి శాంతి మీటరు తీసి, హాలు గోడకి తగిలించి చూపించారు. గోడకి బిగించే యంత్రం. గదిలో చప్పుడు లేకపోతే పచ్చదీపం, గుసగుసలకి పసుపు, అరుపులకి ఎర్రదీపం వెలుగుతుంది. దాంతోపాటు గంట మోగుతుంది. అరుపు ఏ సీటు నుంచి వచ్చిందో కూడా పసిగట్టి, ఆ సీటు లెక్కలో ఒక రెడ్ వేసుకుంటుంది. మూడు రెడ్లు పడితే సత్ప్రవర్తన భవనానికి పంపించేస్తారు. భవనం ఊరి చివర కట్టేశారట. రంగులు కూడా అయిపోయాయట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెనకబెంచీలో ఎవరో గొణిగారు. అసూయపరులు ఎక్కడైనా ఉంటారు.

మా లెక్కల మేడం లేచారు. తల నెరిసిన మనిషి, గొంతు చిన్నది. ఆవిడ చీర కుచ్చిళ్ల మీద ఎప్పుడూ చాక్‌పీసు పొడి ఉంటుంది.

"ఊరి చివరికి పిల్లలు ఎలా వెళ్తారు సార్?"

"బస్సు కొన్నాం మేడం. ఏసీ బస్సు. అయితే నిండితేనే కదలాలని డీజిల్ సర్క్యులర్."

"నిండకపోతే?"

"నిండేదాకా ఆగుతుంది."

"అక్కడ పాఠాలు ఎవరు చెబుతారు?"

"పోస్టులు శాంక్షన్ కావాలి కదా. ముందు భవనం, తర్వాత పిల్లలు, ఆ తర్వాత టీచర్లు. దేని ఆర్డర్ దానికి ఉంటుంది."

మేడం ఇంకేదో అడగబోయారు. గోడమీద పసుపు దీపం వెలిగింది. కూచున్నారు.

మీటరు మొదటిరోజే తన శక్తి చూపించింది. ఏడో తరగతిలో ఎవడో తుమ్మాడు. ఎర్రదీపం వెలిగి గంట మోగింది. ఆ గంట చప్పుడు మీటరు విన్నది. మళ్లీ ఎర్రదీపం, మళ్లీ గంట. తన గంట తానే విని, తానే ఉలిక్కిపడి, మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంది. గంట కిందనున్న సీటు క్లాసు ఫస్టు వచ్చే కుర్రాడిది. నోట్లో నాలుక లేని పిల్లాడు. ఆ పూట వాడి లెక్కలో పడినన్ని రెడ్లు మా బడి చరిత్రలో ఏ రౌడీకీ పడలేదు. హెడ్మాస్టర్ ఫోన్ చేస్తే, "మీటరు తప్పు చేయదండీ. గంట దగ్గర కూచోవడం ఆ పిల్లాడి తప్పు. ఎవరు అరిచారన్నది కాదు, ఏ సీటు అరిచిందన్నది ముఖ్యం" అన్నారు డైరెక్టర్. కుర్రాడి తండ్రి లాయరని సాయంత్రానికి తెలిసింది. రాత్రికి రాత్రి వాడి రెడ్లు చెరిపేసి, గంటలు ఊడబీకి, దీపాలు మాత్రం ఉంచారు. విజ్ఞానం ఇలాగే ముందడుగు వేస్తుంది.

దీపం ఎర్రబడిన ప్రతి క్లాసు టీచరూ సంజాయిషీ రాసుకోవాలని మెమో వచ్చింది. వారం తిరిగేసరికి మా స్టాఫ్ రూములో పాఠాల మాటే లేదు. ఎవర్ని చూసినా సంజాయిషీయే రాస్తున్నారు. అప్పుడు డ్రిల్లు మాస్టారు ఒక మధ్యాహ్నం ఏం ఆలోచించారో, తన సాక్సు ఒకటి విప్పి తొమ్మిదో తరగతి మీటరుకి తొడిగారు. పచ్చదీపం వెలిగింది. పిల్లలు బెంచీలు ఎక్కి గెంతారు. పచ్చదీపమే. డ్రిల్లు మాస్టారి సాక్సులోంచి గాలే దూరదు, ఇక చప్పుడేం దూరుతుంది! మర్నాటికి బడిలో ఉన్న మీటర్లన్నీ సాక్సులు వేసుకున్నాయి. మా బడి నగరంలోకెల్లా ప్రశాంతమైన బడి అని మిషన్ వారి ప్రశంసాపత్రం వచ్చింది. దానికి ఫ్రేము కట్టినవాణ్ణి నేనే.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఎయిత్ సి సెక్షన్లో మాత్రం సాక్సు లేదు. అది లెక్కల మేడం క్లాసు. హెడ్మాస్టర్ స్వయంగా ఉతికిన సాక్సు తీసుకెళ్లి ఇచ్చినా ఆవిడ తీసుకోలేదు.

"వింటే విననివ్వండి సార్. పిల్లల గదిలో పిల్లల చప్పుడు కాక ఇంకేం వినిపిస్తుంది?"

"మీ గదిలో సైరన్ ఉంది మేడం. అది గుర్తుపెట్టుకోండి" అన్నారు హెడ్మాస్టర్.

సైరన్ అంటే మా బడిలో ఒక పిల్ల. ఇంట్లో తనూ, చెవులు వినపడని నాయనమ్మా ఉంటారు. మంచినీళ్లు కావాలన్నా, ఉప్పు ఎక్కువైందన్నా అరిచే చెప్పాలి. అలా పెరిగిన గొంతు కాబట్టి బళ్లో కూడా తగ్గదు. దానికి తోడు, ఎవరైనా తప్పు జవాబు చెబితే ఆ పిల్ల తట్టుకోలేదు. బెంచీ ఎక్కి, "తప్పు! తప్పు! ఎవరు చెప్పారు నీకు?" అని అరిచేది. ఒకసారి తప్పు చెప్పినవాడి మీదికి జామెట్రీ బాక్సు విసిరింది. ఇంకోసారి అదే పని సైన్సు మాస్టారితో చేయబోయి ఆగింది. అప్పట్నించీ ఆయన గైడు చూసుకోకుండా ఆ గదిలో అడుగుపెట్టరు.

లెక్కల మేడం ఆ పిల్లతో ఎలా వేగుతారో నేను కిటికీలోంచి చాలాసార్లు చూశాను. సైరన్ పెదాలు బిగిసి, మెడ నిలువునా సాగిందంటే మోత రాబోతోందని గుర్తు. మేడం అది కనిపెట్టి వెంటనే చాక్‌పీసు చాపేవారు. ఆ పిల్ల వెళ్లి బోర్డు దగ్గర నిలబడాలి. మేడం వెళ్లి ఆ పిల్ల సీట్లో కూచుంటారు. అది ఆ గదిలో కట్టుబాటు. కూచున్నాక మేడం ఊరుకోరు. అచ్చం సైరన్‌లాగే చెయ్యి ఊపుతూ, "నాకు తెలుసు! నాకు తెలుసు!" అని గునిసేవారు. బోర్డు దగ్గర సైరన్ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మేడం, చెయ్యెత్తి అడగండి. అందరూ ఒకేసారి అరిస్తే నాకెలా వినపడుతుంది?" అనేది. క్లాసంతా నవ్వేది. పసుపు దీపం వెలిగేది. ఆ తర్వాత లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ కిమ్మనేవారు కాదు.

"ఏమిటి మేడం ఈ ఆట?" అని అడిగాను ఒకరోజు.

"ఆట కాదు మాస్టారూ. అక్కడ నిలబడితే ఇక్కడి గోల వినపడుతుంది. ఇక్కడ కూచుంటే అరవాలని ఎందుకు అనిపిస్తుందో తెలుస్తుంది."

"మీకు అనిపించిందా?"

"రోజూ" అన్నారు మేడం.

ఇలాంటి పాతకాలపు పద్ధతులకి మిషన్లో స్థానం లేదు. పైగా దీనికి యంత్రం కూడా అక్కర్లేదు. అంచేత ప్రభుత్వం దీన్ని పట్టించుకోకపోవడం సబబే.

మేడం సెలవులో ఉన్న రోజున, ఆ గదికి వెళ్లిన సోషల్ మాస్టారు ఒక యుద్ధాన్ని నూరేళ్లు ముందుకు జరిపారు. సైరన్ మోగింది. మొదటి రెడ్ పడింది.

ఆ కబురు విని నాయనమ్మ వచ్చింది. మెట్లెక్కి వచ్చి ఆయాసంతో మనవరాలి సీట్లో కూలబడింది. "తల్లీ!" అంది మేడంతో, తన మామూలు గొంతుతో. "దీన్ని ఆ ఊరి చివర కొంపకి పంపేస్తారటగా! రెండు బస్సులు మారి పొద్దున్నే ఎవరు తీసుకెళ్తారమ్మా? పంపిస్తే ఇక చదువు మానెయ్యడమే! ఇంట్లో కూచుని నాతో అరవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోతుంది! ఎలాగైనా దీన్ని గట్టెక్కించు!" ఎర్రదీపం వెలిగింది. సీటు సైరన్‌ది కాబట్టి రెండో రెడ్ సైరన్ లెక్కలో పడింది.

"అరిచింది ముసలమ్మ కదండీ" అని మేడం డైరెక్టరుగారికి ఫోన్ చేశారు.

"ఎవరు అరిచారన్నది కాదు మేడం..." అని ఆయన మొదలుపెట్టారు.

"ఏ సీటు అరిచిందన్నది ముఖ్యం. తెలుసు సార్" అని మేడం ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రం ఆవిడ మిషన్ రూల్సు పుస్తకం అడిగి తీసుకుని, స్టాఫ్ రూములో ఒక్కరే కూచుని మొదటినుంచి చివరిదాకా చదివారు. దాన్ని పూర్తిగా చదివిన మనిషి నగరం మొత్తానికి ఆవిడ ఒక్కరేనని తర్వాత తెలిసింది. రాసినవాళ్లు కూడా చదవలేదట.

ఇంతలో భవనం ప్రారంభోత్సవం దగ్గరపడింది. డైరెక్టరుగారు హెడ్మాస్టర్‌కి ఫోన్ చేశారు. స్పీకర్ ఆన్‌లో ఉంది కాబట్టి మేమందరం విన్నాం.

"మీ బడిలో అల్లరి ఎంత?"

"జీరో సార్!"

"శభాష్! మరి భవనానికి పిల్లల్ని ఎంతమందిని పంపుతున్నారు?"

"అల్లరి జీరో కదా సార్... పిల్లలూ జీరోనే."

"ఏమిటయ్యా మీరంతా ఒకే మాట అంటారు? ఏ బడికి ఫోన్ చేసినా జీరోనే! మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించి ఎవర్ని లోపలికి పంపాలి? నన్నా?"

"అల్లరి ఉండకూడదన్నారు కదా సార్?"

"బళ్లో ఉండకూడదు. భవనంలో లేకపోతే ఎలా?"

హెడ్మాస్టర్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. మిషన్ వారు జాబితా తిరగేస్తే, రెండు రెడ్లు పడి మూడోదానికి సిద్ధంగా ఉన్న సీటు నగరం మొత్తానికి ఒక్కటే కనబడింది. మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారు స్వయంగా ఎయిత్ సి ని తనిఖీ చేయడానికి వచ్చారు. కుర్చీ మోసినవాణ్ణి నేను. అందువల్ల జరిగిందంతా కళ్లారా చూశాను.

ఆ రోజు ఆ గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. పిల్లలకి సంగతి తెలుసు. సైరన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూచుంది. మేడం బోర్డు మీద భిన్నాలు రాస్తున్నారు. పచ్చదీపం తదేకంగా వెలుగుతోంది. డైరెక్టరుగారు కాసేపు చూశారు. వాచీ చూసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"ఏమ్మా, నువ్వేనా సైరన్?"

ఆ పిల్ల తల ఊపింది.

"ఏదీ, పిల్లలూ, నేనొక లెక్క అడుగుతాను. అర, పావు కలిపితే ఎంత?"

ఎవరూ పలకలేదు. పలికితే ఎవరి సీటు మీద ఏం పడుతుందోనని భయం.

"తెలీదా? నేను చెబుతాను" అని డైరెక్టరుగారు బోర్డు దగ్గరికి వెళ్లారు. "ఒకటి బై రెండు, ఒకటి బై నాలుగు. పైవాటిని పైవాటితో కలపాలి. కిందివాటిని కిందివాటితో కలపాలి. పైన రెండు, కింద ఆరు. రెండు బై ఆరు! ఇందులో కష్టమేముంది? ప్రోటోకాల్ తెలిస్తే చాలు."

ఆయన కావాలని తప్పు చెప్పారో, తెలిసిందే చెప్పారో నాకు ఈనాటికీ తెలీదు. ఉన్నతాధికారుల మనసు తెలుసుకోవడం మనబోటివాళ్ల తరమా? సైరన్ పెదాలు మాత్రం బిగిశాయి. మెడ నిలువునా సాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

లెక్కల మేడం చాక్‌పీసు చాపారు. "రా" అన్నారు. ఆ పిల్ల ఒక్క అంగలో బోర్డు దగ్గరికి వెళ్లింది. మేడం వెళ్లి ఆ పిల్ల సీట్లో కూచున్నారు. కూచుని, చీర సర్దుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

"తప్పు! తప్పు! ఎవరు చెప్పారు మీకు?"

ఆవిడ గొంతులో అంత చప్పుడుందని మాలో ఎవరికీ తెలీదు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. డైరెక్టరుగారి చేతిలోంచి చాక్‌పీసు జారిపోయింది. గోడమీద ఎర్రదీపం వెలిగింది.

"మేడం! ఏమిటిది?"

"మూడో రెడ్ సార్. ఈ సీటుది."

"అది ఆ పిల్లది!"

"సీట్లో ఉన్నది నేను. మూడో రెడ్ పడినప్పుడు ఆ సీటునందు కూర్చుని ఉన్నవారిని భవనంలో చేర్చవలెను అని మీ పుస్తకంలో ఉంది. పిల్లలు అని ఎక్కడా లేదు. ఎవరు అరిచారన్నది కాదు..."

డైరెక్టరుగారు పుస్తకం తెప్పించి చూశారు. అలాగే ఉంది. ఆయన ముఖం ఎర్రదీపంతో సమానమైంది. సరిగ్గా అప్పుడే మంత్రిగారి పేషీ నుంచి ఫోన్ వచ్చింది, అడ్మిషన్లు ఎన్ని అని. డైరెక్టరుగారు ఒకసారి మేడం వంక చూశారు. ఒకసారి ఖాళీ భవనాన్ని తలుచుకున్నట్టున్నారు. "ఒకటి సార్! పక్కాగా ఒకటి!" అన్నారు. ఇంత త్వరగా నిర్ణయం తీసుకోగల అధికారులు అరుదు.

బోర్డు దగ్గర సైరన్ 'మూడు బై నాలుగు' అని రాసి, దాని కింద గీత గీసి, వెక్కి వెక్కి ఏడ్చింది. అంత నెమ్మదిగా ఏడవడం ఆ పిల్లకి వచ్చునని కూడా మాకు తెలీదు.

భవనం ప్రారంభోత్సవం కన్నులపండువగా జరిగింది. బోర్డు మీది అక్షరాలు నావే. బ్యాండు వాయించారు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి లోపలికి వెళ్లారు. అరవై బెంచీల హాల్లో మొదటి బెంచీలో మేడం ఒక్కరే టిఫిన్ బాక్సుతో కూచుని ఉన్నారు. మంత్రిగారికి ఆ రోజు ఇంకా నాలుగు రిబ్బన్లు ఉన్నాయి. కాబట్టి ఎక్కువగా చూడలేదు.

"ఏ క్లాసమ్మా నువ్వు?" అన్నారు ఫొటోలవైపు తిరిగి.

"ఎయిత్ సి సార్" అన్నారు మేడం.

"బాగా చదువుకో. పెద్దవాళ్లని ఎదిరించకు" అని నెరిసిన తలమీద చెయ్యి పెట్టారు. ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. తలమీద చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది.

ఏసీ బస్సు ఒక్కరికోసం కదలదు కాబట్టి మేడం రోజూ రెండు బస్సులు మారి భవనానికి వెళ్లొచ్చేవారు. ఎయిత్ సి ని నాకు అప్పగించారు. నా ఉద్యోగజీవితంలో ఒక క్లాసంటూ దొరకడం అదే మొదలు. నేను చాలా సంతోషించాను. డ్రిల్లు మాస్టారి దగ్గర మంచి సాక్సు ఒకటి అడిగి తెచ్చుకుని, మొదటిరోజు కొంచెం ముందే గదిలోకి వెళ్లాను. బోర్డు మీద పూలకుండీ బొమ్మ వేసి, సాక్సు తీసుకుని మీటరువైపు నడిచాను.

"మాస్టారూ, ఆ సాక్సు కాసేపు ఆగండి" అంది సైరన్. ఆ పిల్ల అంత మర్యాదగా మాట్లాడటం చూసి ఆగిపోయాను.

హాజరుపట్టీలో మొదటి పేరున్న కుర్రాడు తన సీట్లో లేచి నిలబడ్డాడు. పదిహేడో ఎక్కం మొదటి వరస గొంతు చించుకుని అరిచాడు. ఎర్రదీపం. మళ్లీ అరిచాడు, మళ్లీ అరిచాడు. మూడు రెడ్లు పూర్తికాగానే చొక్కా సర్దుకుని కూచున్నాడు. పక్కనున్న పిల్ల లేచి రెండో వరస అందుకుంది. ఒకరు అరుస్తుంటే ఇంకొకరు నోరు విప్పలేదు. ఎవరూ వరస తప్పలేదు. ఎవరో ఎక్కం తప్పు చెబితే సైరన్ నెమ్మదిగా, "తప్పు. మళ్లీ చెప్పు" అంది. అంత క్రమశిక్షణ నేను ఏ బళ్లోనూ, ఏ సభలోనూ చూడలేదు. ఆఖరున సైరన్ లేచింది. పక్క గదుల్లో మీటర్లు సాక్సుల లోపలినుంచి కూడా పసుపు చూపించాయట.

"ఏమిటమ్మా ఇదంతా?" అన్నాను.

"బస్సు నిండాలి మాస్టారూ."

"నిండుతుందా?"

"డ్రైవరన్నని అడిగాం. మా క్లాసు సరిపోతుందన్నాడు. మా ఇంటి ముందునుంచే వెళ్తుందట."

నేను పూలకుండీ వంక చూశాను. "మరి నా డ్రాయింగ్ పీరియడ్?"

సైరన్ ఒక్క క్షణం ఆలోచించింది. పక్కనే ఖాళీగా ఉన్న సీటు చూపించింది. "మీరు కూడా వచ్చి అరవండి మాస్టారూ."

నిజం చెప్పొద్దూ, వెళ్లి కూచున్నాను. నోరు కూడా తెరిచాను. కిటికీలోంచి హెడ్మాస్టర్ చూస్తున్నట్టు అనిపించింది. మూసేసి లేచి వచ్చాను.

మర్నాడు బస్సు నిండింది. భవనం నిండింది. అక్కడ పోస్టులు ఇంకా శాంక్షన్ కాలేదు. టీచరంటూ ఎవరూ లేరు. అడ్మిషన్ తీసుకున్నవాళ్లే ఒకరి సీట్లో ఒకరు కూచుంటూ, చాక్‌పీసు చేతులు మార్చుకుంటూ పాఠాలు కానిస్తున్నారని విన్నాను. చెడిపోయిన పిల్లల్ని ఇంతమందిని ఒక్కసారిగా చేరదీసిన ప్రభుత్వం దేశచరిత్రలో లేదని మంత్రిగారు అసెంబ్లీలో ప్రకటించారు. మా హెడ్మాస్టర్‌కి రెండో ప్రశంసాపత్రం వచ్చింది.

ఇక నా సంగతి. ఎయిత్ సి మూసేయమని ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. కాబట్టి రోజూ వెళ్లాను. తలుపు తీసేవాణ్ణి, హాజరు వేసేవాణ్ణి, బోర్డు మీద బొమ్మ వేసేవాణ్ణి. మొదట్లో కొంచెం బాధగా ఉండేది. తర్వాత అలవాటైంది. పచ్చదీపం పొద్దుట వెలిగితే సాయంత్రందాకా రెప్ప వేసేది కాదు. సాక్సు అవసరమే రాలేదు. సంవత్సరం ఆఖర్న మిషన్ వారి కంప్యూటరు నగరంలోని క్లాసులన్నిటి ఆఖరి టర్ము లెక్కల్నీ జల్లెడపట్టి, ఒక్క పసుపు మచ్చ కూడా లేని క్లాసు ఒకటే ఉందని తేల్చింది. ఉత్తమ క్రమశిక్షణ అవార్డు ఎయిత్ సి కి, ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు దాని క్లాసు టీచరుకి ప్రకటించారు.

"మీ పద్ధతి ఏమిటి మాస్టారూ?" అని విలేఖరులు అడిగారు.

"నా క్లాసులో ఏ పిల్లవాడి మీదా నేను గొంతు పెంచలేదు" అన్నాను. అందులో అబద్ధం లేదు. నిండుకుండ తొణకదంటారు. ఖాళీకుండ అసలే తొణకదని నా అనుభవం.

మంత్రిగారు స్వయంగా గదిని చూడటానికి వచ్చారు. వెనక డైరెక్టరుగారు, హెడ్మాస్టర్, కెమెరాలు, నగరంలోని అన్ని బడుల నుంచి పద్ధతి నేర్చుకోవడానికి వచ్చిన టీచర్లు ఉన్నారు. అందరి చేతుల్లో నోట్సు పుస్తకాలే. మంత్రిగారు గుమ్మంలో ఆగారు. వరసగా బెంచీలు. బోర్డు మీద నా పూలకుండీ. గోడమీద పచ్చదీపం. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. కాళ్లకున్న బూట్లు విప్పేసి, వేలు పెదాలమీద పెట్టుకుని వెనక్కి తిరిగారు.

"ష్... డిస్టర్బ్ చేయకండి. ఎంత బుద్ధిగా ఉన్నారో చూడండి" అన్నారు గుసగుసగా.

టీచర్లు రాసుకున్నారు. సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద ఏసీ బస్సు వెళ్లింది. కిటికీలన్నీ తెరిచి, ఒకటే గోలగా పంతొమ్మిదో ఎక్కం. అన్ని గొంతులమీదుగా ఒక గొంతు, దాని పక్కనే నేను ఒక్కసారే విన్న ఇంకో గొంతు. గోడమీద పచ్చదీపం పసుపుకి తిరిగింది.

"ఎవరది?" అన్నారు మంత్రిగారు ముఖం చిట్లించి.

"భవనం పిల్లలు సార్" అన్నారు డైరెక్టర్.

"పాపం. ఇంకొంచెం టైం పడుతుంది" అని మంత్రిగారు మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి, చప్పుడు కాకుండా కిటికీ మూశారు. దీపం మళ్లీ పచ్చగా వెలిగింది. నేను హాజరు వేశాను.